‘నల్లిపరస్’ అంటే గొడ్రాలు కాదు

పోయిన ఏడాది గర్భసంచిలో గడ్డలేమైనా ఉన్నాయేమోనని స్కానింగుకి వెళ్ళాను. తోడుగా అమ్మ వచ్చింది. రిపోర్టు చేతికి రాగానే అమ్మ ఎప్పుడూ అడిగే మాటే అడిగింది, ‘‘ఏం రాశారే?’’ అని. పైకి చదివాను. నా పేరు, వయసు 36, పక్కనే ‘నల్లిపరస్’.

అమ్మ ఉలిక్కిపడింది. ‘‘నల్లులేమిటే, కడుపులో?’’

నాకు నవ్వాగలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు మావైపు చూశారు. ‘‘నల్లులు కాదమ్మా, కాన్పు కాలేదని డాక్టర్ల భాషలో అలా రాస్తారు’’ అన్నాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. అయినా ఆ కాగితం తీసుకుని ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాను. ‘‘కాకపోవడమేమిటి? మరి ఆ పిల్ల?’’ అంది.

నా నవ్వు అక్కడ ఆగిపోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ రాస్తున్నది. ఆరేళ్ళ క్రితం నాకు 21వ వారంలో నొప్పులొచ్చాయి. పదకొండు గంటలు లేబర్ రూమ్‌లో ఉన్నాను. అందరు ఆడవాళ్ళలాగే అరిచాను, అందరిలాగే ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని చెప్పించుకున్నాను. పుట్టింది ఆడపిల్ల. ఊపిరి లేదు. మూడోనాడు నాకు పాలు పడ్డాయి. అవి ఇంకిపోవడానికి మందులిచ్చారు. అమ్మ నాకు పథ్యం పెట్టింది, కాయం తినిపించింది, తలకి గుడ్డ కట్టింది. మా ఇంట్లో ఎవ్వరూ నన్ను బాలింత కాదనలేదు. కాదన్నది ఆ కాగితం ఒక్కటే.

సాహిత్యంలో పిహెచ్‌డి చేసినదాన్ని కనక నాకు తెలిసిన పని ఒక్కటే, మాటని పట్టుకుని విప్పి చూడటం. ఇంటికొచ్చి ఆ పనే చేశాను.

నల్లిపరస్ లాటిన్ నుంచి వచ్చిన విశేషణం. ‘నల్లస్’ అంటే ఏదీ లేని, ‘పరేరె’ అంటే కనడం. మనం రోజూ వాడే ‘పేరెంట్’ కూడా ఆ రెండో ధాతువు నుంచి వచ్చిందే. గుడ్లు పెట్టేవాటికి ఓవిపరస్ అనీ, పిల్లల్ని కనేవాటికి వివిపరస్ అనీ స్కూల్లో జీవశాస్త్రంలో చదువుకున్నాం. ఇది వాటి చెల్లెలు. ఒక్క కాన్పయితే ప్రైమిపరస్, ఎక్కువైతే మల్టిపరస్. కవలలు పుట్టినా లెక్క ఒక్క కాన్పే, ఎందుకంటే ఆ మాట లెక్కపెట్టేది పిల్లల్ని కాదు, కాన్పుల్ని. గర్భం ఎన్నిసార్లు నిలిచిందో చెప్పేది వేరే మాట, గ్రావిడ. ఒక్కసారి కూడా నిలవకపోతే నల్లిగ్రావిడ. కాబట్టి రెండుసార్లో మూడుసార్లో గర్భం నిలిచి పోయిన స్త్రీ కూడా నల్లిపరస్సే. మన ఆసుపత్రి కేసు షీట్లలో కనిపించే జి, పి, ఎల్, ఎ అన్న నాలుగక్షరాలు ఈ లెక్కే. ఎన్ని గర్భాలు, ఎన్ని కాన్పులు, బతికున్న పిల్లలెందరు, ఎన్ని ‘అబార్షన్లు’. నాకు రాసింది జి 1, పి 0, ఎల్ 0, ఎ 1.

మరి పదకొండు గంటల నొప్పులు పి కింద కాకుండా ఎ కిందకి ఎందుకెళ్ళాయి? బిడ్డ బయట బతకగలిగే వయసు దాటాక జరిగితేనే దాన్ని కాన్పు అంటారు కనక. ఆ వయసు ఎంత? ఇక్కడ శాస్త్రం తడబడుతుంది. అమెరికాలో మామూలుగా 20 వారాల దగ్గర గీత గీస్తారు. బ్రిటన్‌లో 24 వారాలు. అక్కడ కూడా 1992లో చట్టం మార్చేదాకా చనిపోయి పుట్టిన బిడ్డని బిడ్డగా నమోదు చెయ్యాలంటే 28 వారాలు నిండి ఉండాలి. మన ప్రసూతి పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఆ 28నే పట్టుకున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గణాంకాల కోసం 22 వారాలో, 500 గ్రాముల బరువో చూస్తుంది. అంటే నేను ఇక్కడ నల్లిపరస్‌ని, లండన్‌లోనూ అంతే, షికాగోలో మాత్రం ప్రైమిపరస్‌ని. నా శరీరంలో ఏ మార్పూ లేకుండా విమానం దిగగానే విశేషణం మారిపోతుంది. పాస్‌పోర్టు మీద ముద్ర వేసినట్టు గర్భసంచి మీద కూడా ముద్ర వేస్తారన్నమాట!

మన దేశపు చట్టం ఇంకో లెక్క చెబుతుంది. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం 26వ వారం దాకా జరిగిన దాన్ని గర్భస్రావమే అంది. అయితే ఆ చట్టమే గర్భస్రావమైన స్త్రీకి ఆరు వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని చెప్పింది. నేను ఆ సెలవు తీసుకున్నాను. పని చేసే చోట ‘అదేమన్నా కాన్పా?’ అన్న గొణుగుడు కూడా విన్నాను. ఆరు వారాలు కోలుకోవాల్సినంత ఏదో జరిగిందని చట్టం ఒప్పుకుంది. దానికి పేరు పెట్టడానికి మాత్రం ఎవరూ సిద్ధంగా లేరు.

ఇదంతా నా చిన్ననాటి స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె గైనకాలజిస్టు. ఓపిగ్గా విని, నన్ను దులిపేసింది. ‘‘నువ్వు లాటిన్ మీద పడి ఏడుస్తున్నావు గానీ, అంతకంటే మర్యాదైన మాట నీకు ఇంకెక్కడా దొరకదు. ఎందుకు కనలేదని అది అడగదు. పెళ్ళయిందా అని అడగదు. వద్దనుకున్నావా, పుట్టలేదా, పోయారా అని అడగదు. జరిగిందా లేదా, అంతే. మీ తెలుగులో అలాంటి మాట ఒక్కటి చూపించు’’ అంది.

దెబ్బ తగిలింది. ఎందుకంటే ఆమె చెప్పింది చాలావరకు నిజం. మన దగ్గర ఉన్న మాటలు చూడండి. గొడ్రాలు. వంధ్య. ఒక్కసారి కని ఆగిపోయిన స్త్రీకి కాకవంధ్య, అంటే కాకి గొడ్రాలు. పుట్టిన పిల్లలు దక్కని స్త్రీకి మృతవత్స. ఒక్కటీ జరిగిన సంగతిని చెప్పి ఊరుకునే మాట కాదు. ప్రతిదీ స్త్రీ స్వభావం మీద తీర్పు. తీర్పు తర్వాత శిక్ష కూడా ఉంది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం గొడ్రాలైన భార్య ఉండగా ఎనిమిదో ఏట, పిల్లలు చనిపోతుంటే పదో ఏట, ఆడపిల్లల్నే కంటుంటే పదకొండో ఏట మగవాడు ఇంకో పెళ్ళి చేసుకోవచ్చంటుంది. చూశారా, ఆయన దగ్గర కూడా కేసు షీటు ఉంది. గర్భాలు, కాన్పులు, బతికినవాళ్ళు, వాళ్ళలో మగపిల్లలు. కాకపోతే ఆ లెక్కలు ఆమె వైద్యం కోసం కాదు, ఆమెని గెంటెయ్యడం కోసం.

ఆ పక్కన పెట్టి చూస్తే నల్లిపరస్ నిజంగానే మర్యాదస్తురాలు. ఈ విషయంలో నా స్నేహితురాలికి ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. నేను పోట్లాడదలుచుకున్నది ఆ మాటతో కాదు. దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మనం చేస్తున్న పనితో. అవసరం లేని చోట దాన్ని వాడే అలవాటుతో. అన్నిటికంటే ముఖ్యంగా, సాంకేతిక పదం కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదనే మన సాహిత్యకారుల బద్ధకంతో.

తెలుగు సంగతి ముందు చెబుతాను. స్త్రీల ఆరోగ్యం మీద ఒక ప్రశ్నావళిని తెలుగులోకి మార్చే పనికి కొంతకాలం కిందట నన్ను పిలిచారు. బల్ల చుట్టూ ఏడుగురం. ఇద్దరం ఆడవాళ్ళం. నల్లిపరస్ దగ్గరికి రాగానే పెద్దాయన ఒకరు క్షణం ఆలోచించకుండా ‘వంధ్య’ అన్నారు. రాసుకునేవాళ్ళు రాసేసుకున్నారు. నేను అడ్డుపడ్డాను. ఆయన నవ్వి, ‘‘సాంకేతిక పదానికి ఉద్వేగాలుండవమ్మా. మీ సాహిత్యం వాళ్ళు అన్నిట్లోనూ బాధ వెతుకుతారు’’ అన్నారు.

నేను వెతికింది బాధ కాదు, తప్పు. వంధ్యత్వం ఇన్‌ఫర్టిలిటీకి పత్రికలు వాడుతున్న మాట. పిల్లలు కావాలనుకున్నా గర్భం రాకపోవడం అది. నల్లిపరస్‌కీ దానికీ సంబంధం లేదు. పెళ్ళే చేసుకోని స్త్రీ నల్లిపరస్. పిల్లలు వద్దనుకుని హాయిగా ఉన్న స్త్రీ నల్లిపరస్. పద్దెనిమిదేళ్ళ కాలేజీ పిల్ల నల్లిపరస్. వీటన్నిటికంటే గట్టి ఉదాహరణ చెబుతాను. నెలలు నిండి, మొదటి కాన్పుకి నొప్పులు పడుతూ లేబర్ రూమ్ బల్ల మీద ఉన్న స్త్రీని కూడా, బిడ్డ బయటికొచ్చే క్షణం దాకా, వైద్యశాస్త్రం నల్లిపరస్ అనే అంటుంది. ఆమెని ‘వంధ్య’ అని రాద్దామా? అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. ఉద్వేగాలు లేవని మనం గర్వపడే సాంకేతిక పదం తెలుగు గడప దాటగానే గొడ్రాలు అయిపోయింది. దాన్ని అలా మార్చింది నిఘంటువు కాదు. ‘పిల్లల్లేని ఆడది’ అనగానే మన బుర్రలో తయారుగా ఉన్న ఒకే ఒక్క బొమ్మ.

అప్పుడు నాకు అమ్మ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. దాంతో పాటు మా అమ్మమ్మ మాట తీరూ గుర్తొచ్చింది. ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే ఆమె ఎప్పుడూ ఒక్క అంకె చెప్పేది కాదు. ‘‘ఏడు కాన్పులు. ఒకటి పురిట్లో పోయింది, ఇద్దరు అమ్మవారికి పోయారు, నలుగురున్నారు. మధ్యలో ఒక కడుపు పోయింది’’ అనేది. వేళ్ళు మడుస్తూ చెప్పేది. జి, పి, ఎల్, ఎ నాలుగూ అందులో ఉన్నాయి. ఆమెకి ఎవరూ లాటిన్ నేర్పలేదు.

నా స్నేహితురాలికి నేను అప్పుడు ఇవ్వలేకపోయిన జవాబు ఇదే. తెలుగులో గొడ్రాలు ఒక్కటే లేదు. చూలు ఉంది, కాన్పు ఉంది. చూలు అంటే కడుపుతో ఉండటం. కాన్పు అంటే కనడం. తొలిచూలు వేరు, తొలికాన్పు వేరు. గ్రావిడకీ పారాకీ ఉన్న తేడా ఇదే కదా! పండితుల సంస్కృతం వంధ్య, కాకవంధ్య అంటూ స్త్రీలకి తరగతులు కడుతూంటే, కన్న ఆడవాళ్ళు తమకి జరిగినవాటికి పేర్లు పెట్టుకున్నారు. కడుపు పోయింది అంటారు, కడుపు పోగొట్టుకున్నది అని స్త్రీకి శాశ్వతంగా పేరు పెట్టరు. నల్లిపరస్‌కి తెలుగు కావాలంటే ‘కాన్పు కాలేదు’ అనండి. చాలదా? విశేషణమే కావాలా? స్త్రీకి అతికించడానికి ఒక విశేషణం లేకపోతే రిపోర్టు పూర్తి కాదా?

ఆ విశేషణం నిజంగా అవసరమైన చోట్లున్నాయి. వాటిని దాచి నేను వాదించను. 18వ శతాబ్దం మొదట్లో ఇటలీ వైద్యుడు రమజీని వృత్తుల వల్ల వచ్చే జబ్బుల గురించి రాస్తూ, సన్యాసినుల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని గమనించాడు. 1926లో ఇంగ్లండ్‌లో జానెట్ లేన్ క్లేపన్ అనే మహిళా వైద్యురాలు రొమ్ము క్యాన్సర్ వచ్చిన 500 మందినీ, రాని 500 మందినీ పోల్చి, కాన్పులకీ, పాలివ్వడానికీ, ఈ జబ్బుకీ సంబంధం ఉందని చూపించింది. వ్యాధుల కారణాలు వెతకడంలో ఈనాటికీ వాడే పద్ధతికి ఆమె పని తొలి నమూనాల్లో ఒకటి. కాన్పు కాని స్త్రీలకి రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ప్రమాదం కొంత ఎక్కువ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ప్రమాదం ఎక్కువ కాన్పులైన వాళ్ళలో పెరుగుతుంది. స్కానింగులో కూడా కాన్పయిన గర్భసంచి కొంచెం పెద్దదిగా ఉంటుంది, ఆ సంగతి తెలియకపోతే కొలతల్ని తప్పు చదవచ్చు. కాబట్టి నా స్కానింగు రిపోర్టులో ఆ సంగతి ఉండటం మీద నాకు పేచీ లేదు. అది అక్కడ ఉండాలి.

ఇంకో చోటుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల ఆడవాళ్ళకి అది ప్రాణాలకి సంబంధించిన చోటు. మైకేల్ రాబ్సన్ అనే ప్రసూతి వైద్యుడు 2001లో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. కాన్పుకి వచ్చిన ప్రతి స్త్రీనీ పది గుంపుల్లో ఒకదానిలో చేర్చాలి. మొదటి గుంపు ఎవరంటే నల్లిపరస్ స్త్రీలు. ఒకే బిడ్డ, తల కిందకి ఉంది, నెలలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి. రెండో గుంపు, అన్నీ అలాగే ఉన్నా నొప్పులు మందులతో తెప్పించినవాళ్ళు, లేదా నొప్పులు రాకముందే కోసినవాళ్ళు. ఇప్పుడు ఏ ఆసుపత్రినైనా అడగవచ్చు, మీ మొదటి గుంపులో ఎంతమందిని కోశారు, రెండో గుంపులో ఎంతమందిని? ఆసుపత్రుల్ని పోల్చడానికి ఈ పద్ధతి వాడమని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశంలో అన్నిటికంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5. ముహూర్తం చూసి కోసేవి, డాక్టరు తీరిక చూసి కోసేవి, నొప్పుల భయం పెట్టి కోసేవి, అన్నీ ఇందులో ఉన్నాయి. తొలికాన్పులో ఒకసారి కోస్తే మలికాన్పుకి మళ్ళీ కోయడం దాదాపు ఖాయమైపోతుంది. కాబట్టి అసలు ప్రశ్న తొలికాన్పు దగ్గరే అడగాలి. అడగడానికి మన చేతిలో ఉన్న పదునైన మాట ఈ నల్లిపరస్సే. అక్కడ అది స్త్రీని నిలదీసే మాట కాదు, ఆసుపత్రిని నిలదీసే మాట. మరి మనకి తెలిసినంతలో దాన్ని ఎక్కడ వాడుతున్నాం? గోడకి తగిలించి అందరూ చూసేలా లెక్క చెప్పాల్సిన చోట అది కనబడదు. ఒంటరిగా స్కానింగుకి వెళ్ళిన ఆడదాని పేరు పక్కన మాత్రం తప్పకుండా కనబడుతుంది.

మాట ఎంత నిక్కచ్చిగా పని చెయ్యగలదో చూడాలంటే దోమల దగ్గరికి వెళ్ళాలి. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ 1897లో చూసింది మన సికింద్రాబాద్‌లోనే. తర్వాతి శాస్త్రవేత్తలకి వచ్చిన చిక్కు, ఏ దోమ ప్రమాదకరమైనదో తెలుసుకోవడం ఎలా అని. దానికి డెటినోవా అనే సోవియట్ శాస్త్రవేత్త పద్ధతి పనికొచ్చింది. ఆ పద్ధతి మీద 1962లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం వేసింది. ఆడదోమ అండాశయంలో సన్నని గాలినాళాల కొసలు చుట్టలు చుట్టుకుని ఉంటే అది నల్లిపరస్, గుడ్లు పెట్టలేదు. చుట్టలు విడిపోయి ఉంటే పెట్టింది, అంటే అంతకుముందే రక్తం తాగింది, మలేరియా మోసుకొచ్చే అవకాశం దానికే ఎక్కువ. ఇక్కడ మాట పూర్తిగా తన పని చేసింది. గుడ్లు పెట్టని దోమని చూసి ఏ శాస్త్రవేత్తా జాలిపడలేదు, ఏ నోములూ చెయ్యమనలేదు. దోమకి దక్కిన ఆ మాత్రం నిష్పాక్షికత నాకూ దక్కాలని కోరుకోవడం అత్యాశ అవుతుందా?

దక్కడం లేదు. స్కానింగు గదిలో ఆ మాట పలికిన మరుక్షణం బయట కూర్చున్నావిడ ‘‘అయ్యో, పిల్లల్లేరా?’’ అంటుంది. మడమ ఎముక విరిగి వెళితే అక్కడి కాగితంలోనూ నాకు ఎంతమంది పిల్లలో రాసుకున్నారు. మా తమ్ముడికి హెర్నియా ఆపరేషన్ అయింది. వాడి ఫైలంతా నేను తిరగేశాను. వాడికి ఎంతమంది పిల్లలో ఒక్కచోట కూడా లేదు. పిల్లల్లేని మగవాడికి వైద్యశాస్త్రంలో విశేషణమే లేదు. ఏడ్రియన్ రిచ్ 1976లో మాతృత్వం మీద రాసిన పుస్తకంలో ఈ సంగతే ఎత్తి చూపింది, తండ్రి కానివాడు అనే వర్గం సమాజంలో ఎక్కడా లేదని. యాభై ఏళ్ళు గడిచాయి. ఆ వర్గం ఇప్పటికీ ఏ ఆసుపత్రి ఫారంలోనూ పుట్టలేదు.

ఇక మన సంగతి. సామెతల్లో ఆడవాళ్ళని ఎలా కించపరిచారో మనం దశాబ్దాలుగా రాస్తున్నాం. పురాణాలు, ప్రబంధాలు, సినిమా పాటలు, దేన్నీ వదలలేదు. మంచి పనే. నేనూ ఆ పని చేసే డిగ్రీ తెచ్చుకున్నాను. కానీ మన శరీరాల మీద రోజూ రాసే రాత ప్రబంధాల్లో లేదు, కేసు షీట్లలో ఉంది. దాన్ని మనలో ఎంతమందిమి చదివాం? అమెరికాలో ఎమిలీ మార్టిన్ 1987లో వైద్య పాఠ్యపుస్తకాల్ని సాహిత్యం చదివినట్టు చదివి, నెలసరిని అవి విఫలమైన ఉత్పత్తిగా ఎలా వర్ణిస్తున్నాయో చూపించింది. మనకి 1991లోనే ‘సవాలక్ష సందేహాలు’ వచ్చింది. స్త్రీల శరీరాల గురించి స్త్రీలే తెలుగులో మాట్లాడవచ్చని ఆ పుస్తకం రుజువు చేసింది. ఆ దారిలో మనం ఆ తర్వాత ఎంత దూరం నడిచాం? రిపోర్టు చేతికి రాగానే మన డాక్టరేట్లన్నీ పక్కన పెట్టి, ‘అంతా బాగానే ఉందా డాక్టర్?’ అని అడిగి వచ్చేస్తున్నాం. నేనూ ఆరేళ్ళు అదే చేశాను. జి 1, పి 0 అన్న గీతల్ని ఎన్నోసార్లు చూశాను. అమ్మ వేలు పెట్టి చూపించమనేదాకా చదవలేదు.

వైద్యుల మాటలు మారవనేది కూడా అబద్ధం. 1985లో కొందరు బ్రిటిష్ వైద్యులు లాన్సెట్ పత్రికకి రాశారు, తనంతట తాను పోయిన గర్భాన్ని అబార్షన్ అనకండి, ఆ స్త్రీలు నొచ్చుకుంటున్నారు, మిస్‌క్యారేజ్ అనండి అని. నెమ్మదిగా అక్కడి వాడుక మారింది. మళ్ళీ మళ్ళీ గర్భం పోయే స్త్రీని ‘అలవాటుగా’ పోగొట్టుకునేదని రాసేవారు, ఏదో వ్యసనం ఉన్నట్టు. ఇప్పుడు ఆ మాట తగ్గింది. గర్భాశయ ముఖద్వారం బిడ్డని ఆపలేకపోతే దాన్ని ‘చేతకానిది’ అనేవారు. నా ఫైలులో ఆ మాట కూడా ఉంది. వేరే చోట్ల దాన్ని మార్చుకున్నారు. మన కేసు షీట్లలో మాత్రం తనంతట పోయిందీ, కావాలని తీయించుకున్నదీ ఇప్పటికీ ఆ ఒక్క ఎ కిందే పడుతున్నాయి. ఆ రెండూ వేరని చెప్పడం తీయించుకున్నవాళ్ళని తక్కువ చెయ్యడం కాదు. ఇద్దరికీ జరిగింది వేరు, ఇద్దరికీ కావలసిన వైద్యం వేరు, ఇద్దరూ చెప్పుకునే మాట వేరు.

కాబట్టి నేను అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కాదు. నల్లిపరస్‌ని నిషేధించమనడం లేదు. కాన్పుల సంగతి వైద్యానికి అవసరమైన చోట రాయండి, అవసరం లేని చోట రాయకండి. ప్రసవ నొప్పులు పడి బిడ్డ దక్కని స్త్రీ ఫైలులో ఆ సంగతి ఒక్క వాక్యంలో మామూలు భాషలో రాయండి. అక్షరానికి అంకె తగిలించి వదలకండి. తెలుగులోకి తెచ్చేటప్పుడు వంధ్య, గొడ్రాలు అన్న మాటల్ని దగ్గరికి రానివ్వకండి. చూలు, కాన్పు మనకున్నాయి.

ఆ ప్రశ్నావళి చివరికి ఏమైందో చెప్పి ముగిస్తాను. చాలాసేపు వాదించాక ‘వంధ్య’ కొట్టేశారు. మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. గర్భం ఎన్నిసార్లు వచ్చింది, కాన్పులు ఎన్ని, ఇప్పుడున్న పిల్లలు ఎందరు. నేను గెలిచానే అనుకున్నాను. టైపు చేసిన ప్రతి వచ్చాక చూస్తే, ఒక్క కాన్పూ లేనివాళ్ళ గడిలో ‘ఇంకా కాన్పు కాలేదు’ అని ఉంది. ఆ ‘ఇంకా’ ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఇంగ్లీషులో లేదు. మేం రాసిన దాంట్లో లేదు. టైపు చేసిన అబ్బాయి కావాలని పెట్టాడని కూడా నేననుకోను. అతని వేళ్ళకి ఆ వాక్యం అలాగే వచ్చు. పెళ్ళయిన నెలకే మొదలవుతుంది మనకి ఆ మాట. ఇంకా ఏమీ లేదా? ఇంకా కాలేదా? కన్నవాళ్ళనీ, కననివాళ్ళనీ, కనలేనివాళ్ళనీ, కననొల్లనివాళ్ళనీ, అందర్నీ ఒకే వరసలో నిలబెట్టి గుమ్మం వైపు చూస్తూ ఉండమంటుంది.

ఆ ‘ఇంకా’ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పంపాను. అచ్చయిన ప్రతిలో అది లేదు.

ఇది చదువుతున్నవాళ్ళకి ఒక విన్నపం. మీ ఫైళ్ళు ఒకసారి తీసి చదవండి. మీ పేరు పక్కన ఏ విశేషణం ఉందో చూడండి. మీ వైపు చూలుకీ, కాన్పుకీ, కడుపు పోవడానికీ, పురిట్లో బిడ్డ పోవడానికీ ఏ మాటలున్నాయో మీ అమ్మల్నీ అమ్మమ్మల్నీ అడిగి రాసి పంపండి. శ్రీకాకుళంలో ఒకటి ఉంటుంది, పాలమూరులో ఇంకొకటి ఉంటుంది, అనంతపురంలో మరొకటి. మన దగ్గర మాట లేదని నా స్నేహితురాలు అన్నది కదా. ఉన్నాయని ఆమెకి చూపిద్దాం. ఆ జాబితాలో మొదటి మాటగా మా అమ్మ నా తరఫున ఇప్పుడు అందరికీ చెబుతున్నది రాస్తున్నాను: ‘‘ఒక కాన్పు. పిల్ల దక్కలేదు.’’